మా లెక్కల కిటికీ

పోపులపెట్టెలో ఆవాలు ఏ గిన్నెలోనున్నవో, మెంతులు ఏ గిన్నెలోనున్నవో దీపము లేకున్నను మన చేతికి తెలియును. మరియొకరు వచ్చి మన వంటయింట నిలిచినచో పది నిముషములు వెదకుదురు. ఆ పెట్టె నమర్చినవారము మనమే గనుక మనకది సులభము. కంప్యూటరు తెరమీద మనము నొక్కు మీటలును, నింపు గడులును ఇట్టివే. వానిని ఎవరో, ఎచ్చటనో కూర్చుండి తమకు తోచినట్లు అమర్చినారు, మనము వెదకుకొనుచున్నాము. ఆ యమర్పును మనమే యేల చేసికొనరాదను చిన్న ప్రశ్న మాకు గత వేసవిలో కలిగెను. దానివలన మేము నేర్చినదియు, పొరబడినదియు, ఒక పేదరాలి మూడువేల యైదువందల రూపాయలు మా చేతిమీదుగ మాయమై మరల కనబడుటయు ఈ వ్యాసమునకు విషయము.

మా నివాసము హైదరాబాదునందలి గచ్చిబౌలి. 1974లో స్థాపింపబడిన హైదరాబాదు విశ్వవిద్యాలయమును, 1998లో వెలసిన ట్రిపుల్ ఐటీ యను విద్యాసంస్థయు ఇచ్చటనే కలవు. ఆ 1998వ సంవత్సరము నవంబరులోనే పొరుగుననున్న మాదాపురమున సైబర్ టవర్స్ అను భవనమును ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి గారు ప్రారంభించిరి. అప్పటినుండి బండరాళ్ల గుట్టల నడుమ అద్దాల మేడలు లేచినవి. ఆ మేడలలో కూర్చుండి ప్రోగ్రాములు వ్రాయు స్త్రీలును, తెల్లవారకమునుపే వచ్చి ఆ యద్దములను తుడుచు స్త్రీలును ఒకే వీథిని నడచుచుందురు. ఒకరి విద్య మరియొకరికి తెలియదు. మేము ఈ రెండు తెగలలోను చేరినవారము కాము. బి.ఏ. వరకు చదివి, ఇరువదియేండ్లుగా పాలలెక్కయు చాకలిపద్దును తప్ప వేరు గణిత మెరుగని గృహిణులము.

మా వీథిలో పదిమంది స్త్రీలము కలిసి నెలకు తలకొక 500 రూపాయలు కూడబెట్టుచున్నాము. తెలుగు స్త్రీలకిది క్రొత్త గాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడిన పిమ్మట, సారాకు పోవు డబ్బు ఇంట నిలువవలెనను తలంపుతో ఆ జిల్లాలో పొదుపు సంఘములు ఊరూర బయలుదేరినవి. మా సంఘములో ఉద్యోగినులు కలరు, కుట్టుపని చేయువారు కలరు. పాలమూరు ప్రాంతమునుండి వచ్చి మూడిండ్లలో పాచిపని చేసికొను నొక యిల్లాలును కలదు. లెక్కపుస్తకము మా యొద్ద నుండును. డబ్బిచ్చిన ప్రతివారును పేరెదుట చేవ్రాలు చేయుట మా నియమము. ఆ యిల్లాలు రాత్రి బడిలో అక్షరములు నేర్చినది గనుక ఓపికతో తన పేరు తానే వ్రాయును.

ప్రతినెలయు ఈ పద్దు కూడుటకు మాకొక సాయంకాలము పట్టెడిది. ఇంజనీరింగు చదువుచున్న మా అమ్మాయి ఇది చూచి, “అమ్మా, పదిమంది లెక్కకు ఇంత తంటాలెందుకు? నీవే ఒక కిటికీ కట్టుకొనరాదా?” అన్నది. మా వారు నవ్విరి. ఆ నవ్వే మాకు పట్టుదల కలిగించినదని యొప్పుకొనుటకు సిగ్గుపడము.

కిటికీ యనగానేమి?

కంప్యూటరుతో మాటాడుట ఒకప్పుడు కష్టము. నల్లని తెరమీద ఆజ్ఞను అక్షరము తప్పకుండ వ్రాయవలెను. ఒక్క అక్షరము తప్పినను యంత్రము వినదు. ఈ కాఠిన్యమును తొలగించుటకు పలువురు పాటుపడిరి. 1963లో ఐవాన్ సదర్లాండ్ అను నాయన తెరమీద వెలుగుకలముతో బొమ్మలు గీయు ఉపాయమును చూపెను. 1968 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ‘మౌస్’ అను సాధనమును నిండుసభలో ప్రదర్శించెను. మొదటి మౌస్ కొయ్యతో చేసినదే. 1973లో జెరాక్స్ కంపెనీవారి పరిశోధనశాలలో ఆల్టో యను యంత్రము పుట్టెను. కిటికీలును, బొమ్మలును తెరమీద తీర్చి మౌస్‌తో పనిచేయు పద్ధతి అచ్చటనే రూపుదాల్చినది. ఆ పనిలో ముఖ్యులైనవారిలో ఆడెల్ గోల్డ్‌బర్గ్ అను విదుషి యొకరు.

మా మనస్సునకు మిక్కిలి నచ్చినది సుసాన్ కేర్ వృత్తాంతము. 1984లో వెలువడిన మాకింటాష్ యంత్రమునకు చిన్న చిన్న గుర్తుబొమ్మలను తీర్చినది ఈమెయే. ఆమె చదివినది చిత్రకళ. గళ్ల కాగితముమీద అడ్డముగ 32, నిలువుగ 32 గడులు తీసికొని, ఏ గడి నలుపు, ఏ గడి తెలుపు అని నింపుచు బొమ్మలు కూర్చెను. ఆమెకు చిన్ననాట తల్లి నేర్పినది దారములు లెక్కించి కుట్టు పూలపని! గుడ్డమీద కుట్టులు లెక్కించి చిలుకను కుట్టిన చేతికి, చుక్కలు లెక్కించి వాకిట ముగ్గు తీర్చిన చేతికి ఈ విద్య పరాయిది కాదని మాకప్పుడు ధైర్యము కలిగెను.

ఎట్లు ఆరంభించితిమి

మా నగరమున ఇట్టి విద్య నేర్పు శిక్షణాలయములకు అమీర్‌పేటలోని మైత్రీవనము చుట్టుపట్లు ప్రసిద్ధము. కాని యింటిపని విడిచి అంత దూరము పోవుట మా వలన కాదు. కావున మధ్యాహ్నము భోజనములైన పిమ్మట దినమునకొక గంట చొప్పున అమ్మాయి యొద్దనే శిష్యరికము చేసితిమి. పైథాన్ అను భాషను ఎన్నుకొంటిమి. 1991లో గైడో వాన్ రోసమ్ అను డచ్చిదేశీయుడు వెలువరించిన ఈ భాష ఉచితముగ లభించును. దానితోకూడ టికింటర్ అను కిటికీలు కట్టు సామగ్రియు వచ్చును. పైథానుతో వచ్చు ఐడిల్ అను వ్రాతపలకయు ఆ టికింటరుతో కట్టినదే. ఈ సామగ్రితో చేసిన కిటికీ మన యంత్రములోనే నడచును, ఇంటర్నెట్టు అక్కరలేదు, పదిమంది లెక్కలు పరుల యింటికి పోవు. మాకు కావలసినదియు అదియే.

పని నాలుగు భాగములు. మొదటిది కిటికీని తెరచుట. ఇది రెండుమూడు పంక్తుల పని. ఖాళీ కిటికీ తెరమీద నిలిచిన దినమున మాకు కలిగిన సంతోషము మొదటి పులిహోర కుదిరిన దినమున కలిగినంత. రెండవది సామానులు చేర్చుట. ‘పేరు’, ‘మొత్తము’ అని చూపు పట్టీలు, వ్రాయుటకు గడులు, నొక్కుటకు మీటలు. మూడవది వానిని కుదురుగ నిలుపుట. దీనికి ముఖ్యముగ వాడు పద్ధతులు రెండు. ఒకటి డబ్బాలో జంతికలు పేర్చినట్లు ఒకదాని క్రింద నొకటి పేర్చుట. రెండవది ముగ్గువలె వరుసలు, నిలువులు లెక్కించి, ఇన్నవ వరుస, ఇన్నవ నిలువు అని చెప్పుట. ఈ లెక్క ఒకటితో గాక సున్నతో మొదలగును. మేము రెండవ పద్ధతినే యవలంబించితిమి. ఒకే చట్టములో రెండు పద్ధతులు కలిపినచో యంత్రము ఒప్పుకొనదు.

నాలుగవది మీటకు పని నొప్పగించుట. ఇచ్చటనే క్రొత్తవారు తడబడుదురు. వంటకము మొదలునుండి తుదివరకు వరుసగ సాగును: నూనె కాచుట, పోపు, ముక్కలు, మూత. కిటికీ యట్లు గాదు. అది సామానులన్నియు సర్ది, వాకిట కూర్చున్న యిల్లాలివలె ఎదురుచూచుచుండును. ఎవరు పిలుతురో, ఏ మీట నొక్కుదురో దానికి ముందుగ తెలియదు. పిలుపు వచ్చినప్పుడు ఆ పిలుపునకు తగిన పని చేసి మరల వచ్చి కూర్చుండును. ఈ యెదురుచూపునకే మెయిన్‌లూప్ అని పేరు. ఒక పిలుపు నందుకొని లోపల దీర్ఘమైన పనిలో పడినచో మరియొక పిలుపు వినదు, కిటికీ కొయ్యబారినట్లుండును. యంత్రము చెడినదని మనము బెదరుదుము. అది చెడలేదు, పెరటిలోనున్నది, అంతియే.

మా పొరపాట్లు

మొదటి పొరపాటు నవ్వు పుట్టించునది. ఇద్దరు చెరి 500 ఇచ్చిరని గడులలో వ్రాసి ‘కూడుము’ అను మీట నొక్కితిమి. తెర 500500 అని చూపెను! అయిదులక్షల యైదువందలు! మా వారు వెంటనే తమకొక కారు కావలెననిరి. కారణమేమనగా, గడిలో వ్రాసినదానినంతయు యంత్రము అక్షరములుగనే తీసికొనును. రెండక్షరపు మాటలను ప్రక్కప్రక్కన పెట్టినట్లు పెట్టినది. ఇది మాట కాదు, సంఖ్య యని మనమే చెప్పవలెను. చెప్పితిమి, వేయి యని చూపినది.

రెండవది మీటను గూర్చినది. కిటికీ తెరచుటయే తడవుగ ‘భద్రమైనది’ అను మాట కనబడెడిది; పిమ్మట మీట నెన్నిమార్లు నొక్కినను ఉలుకు లేదు, పలుకు లేదు. రెండు దినములు తల పట్టుకొంటిమి. మీటకు మేము పని యొక్క పేరు మాత్రము చెప్పవలసియుండగా, పేరు వెంబడి కుండలీకరణములు చేర్చితిమి. కుండలీకరణములు చేర్చుట ‘ఇప్పుడే చేయుము’ అని పిలుచుట. వడ్డించునది ఎవరని యడిగినచో పేరు చెప్పవలెను గాని, వంటయింటివైపు తిరిగి కేక వేయరాదు గదా! అతిథి రాకమునుపే వడ్డన ముగిసినది. అతిథి వచ్చునప్పటికి పిలువదగినవారు లేరు.

మూడవది తెలుగును గూర్చినది. మా కిటికీలో పట్టీలన్నియు తెలుగున నుండవలెనని మొదటినుండియు మా పట్టు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పునుండియు తెలుగునకు స్థానము కలదు గనుక తెరమీద తెలుగు కనబడుట కష్టము గాలేదు. కాని లెక్కను ఫైలులో వ్రాయబోగా యంత్రము మొండికెత్తినది. యూటీఎఫ్-8 అను పద్ధతిలో వ్రాయుమని మేము స్పష్టముగ చెప్పకపోవుటయే తప్పు. మరియొక వింత: పేరు నింపు గడికి అక్షరముల పరిమితి పెట్టగా పేర్లు నడుమ తెగిపోయినవి. ‘లక్ష్మి’ మన కండ్లకు రెండక్షరములు; యంత్రమునకు ఏడు గుర్తులు. వత్తులను, గుణింతములను అది వేరువేరుగ లెక్కించును. పరిమితి తీసివేసితిమి. తెరను తెలుగు చేయవలెనను తపన మాకు మాత్రమే కలిగినది కాదు. మా గచ్చిబౌలియందే కార్యస్థానముగల స్వేచ్ఛ యను సంస్థవారు 2005లోనే పట్టికలు, మీటలు తెలుగున నున్న ఆపరేటింగు సిస్టమును విడుదల చేసిరి. బాలబాలికలకై బాలస్వేచ్ఛ యను మరియొకదానిని కూర్చిరి. మేమెక్కదలచిన మెట్టు అంతకుముందే ఇతరులెక్కియుండుట చూచి సంతోషించితిమి.

పెద్ద పొరపాటు

మే నెల ముగియునప్పటికి కిటికీ సిద్ధమయ్యెను. పదిపేర్ల పట్టిక, దాని క్రింద రెండు మీటలు: ‘భద్రపరచుము’, ‘తొలగించుము’. రెండును ఒకే పరిమాణము, ఒకే రంగు, ప్రక్కప్రక్కన. చూచుటకు జంటగాజులవలె ముచ్చటగ నుండెను. పాత పుస్తకములోని లెక్కల నన్నింటిని ఎక్కించితిమి.

జూన్ మొదటి వారమున అందరును డబ్బు తెచ్చి యిచ్చిరి. యథాప్రకారము పుస్తకములో చేవ్రాళ్లు తీసికొని, రాత్రి కిటికీలో నెక్కించితిమి. పొయ్యిమీద పాలున్నవి. చేయి తొందరపడెను. ఏ మీట నొక్కితిమో మేమెరుగము.

మరునాడు సమావేశము. ఏడు నెలల లెక్క: పదిమంది, నెలకు 500, మొత్తము 35,000 రూపాయలుండవలెను. కిటికీ 31,500 అని చూపెను. పేర్లు తొమ్మిదియే. పాచిపని చేసికొను ఆ యిల్లాలి పేరు లేదు. ఆమెకు ఆ దినమే డబ్బు కావలసియుండెను. బడులు తెరచు కాలము, కూతురి ఫీజు కట్టవలెను. తెరమీద ఒక్కొక్క యక్షరము కూడబలుకుకొని తన పేరును వెదకి, “అమ్మా, నా పేరు ఏది? అందరివి ఉన్నయి, నాది లేదు” అన్నది.

ఇంతలో వెనుకనుండి ఒకరు, “ఈమె అసలు కట్టినదా?” అని మెల్లగ ననిరి. మరియొకరు, “కంప్యూటరు తప్పు చెప్పునా?” అనిరి. సోదరీమణులారా! ఆ మాట మాకు నేటికిని గుండెలో ముల్లువలె నున్నది. యంత్రము మాట నిజమైనది, పేదరాలి మాట అనుమానింపదగినది! ఆ యంత్రము చేత ఆ మాట పలికించినవారము మేమే గదా. ఆమె మాత్రము కంటతడి పెట్టలేదు, గొంతెత్తలేదు. “నేను ఏడు నెలలు కట్టిన. పుస్తకం తియ్యుండ్రి” అన్నది.

పుస్తకము తీసితిమి. ఏడు నెలలకు ఏడు చేవ్రాళ్లు. వంకరటింకరగ నున్నను ఏడును ఆమెవే. బ్యాంకు పాసుపుస్తకములో 35,000 రూపాయలును సరిగ నున్నవి. తప్పు మా చేతిదనియు, ఆ రెండు మీటలను జంటగ నిలిపిన మా తెలివిదనియు అందరి యెదుట చెప్పి, ఆమెను మన్నింపుమని కోరితిమి. ఆమె సొమ్ము ఆనాడే చెల్లించితిమి. అనుమానపు మాట లాడినవారును తల వంచుకొనిరి.

దిద్దుబాటు

ఆ రాత్రి కిటికీని తీసివేయుదమనుకొంటిమి. అమ్మాయి, “కత్తిపీట తెగినదని కూర మానుదుమా అమ్మా? కత్తిపీట ఎక్కడ పెట్టవలెనో చూచుకొందము” అన్నది. మరల మొదటినుండి కూర్చుంటిమి.

‘తొలగించుము’ మీటను పట్టికకు దూరముగ, క్రిందిమూలకు జరిపి, ఎర్రరంగు వేసితిమి. నొక్కగనే పని చేయక, “ఈ పేరును నిజముగ తొలగింపవలెనా?” అని పేరు చూపి యడుగునట్లు చేసితిమి. టికింటరులో ఇట్టి ప్రశ్నకు సిద్ధముగ నున్న చిన్నకిటికీ కలదు గాని, మా యంత్రమున దానిలోని అవును, కాదు అను మీటలు ఆంగ్లమున వచ్చుచుండెను. కావున ‘తొలగించు’, ‘వద్దు’ అను రెండు తెలుగు మీటలతో మేమే వేరొక చిన్నకిటికీని కట్టితిమి. కన్ను మూసికొని నొక్కినను ‘వద్దు’ అనునదే పలుకునట్లు పెట్టితిమి.

అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి. లెక్కపుస్తకములో తప్పు వ్రాసినచో మనము కాగితము చింపము. గీత కొట్టి, ప్రక్కన సరియైనది వ్రాయుదుము. మా కిటికీ మాత్రము కాగితము చింపుచుండెను. ఇప్పుడు తొలగించిన పేరు పట్టికనుండి తప్పుకొనును గాని ఫైలులో గీత కొట్టినట్లు గుర్తుతో నిలిచియుండును. కావలెనన్న మరల రప్పింపవచ్చును. ఇది గాక, కిటికీ మూయునప్పుడు లెక్కకు తేదీతో నొక నకలు తనంతట తీసికొనును. చేవ్రాళ్ల పుస్తకమును మానలేదు. మానము కూడ.

జూలై నెలలో ఆ యిల్లాలు 500 రూపాయలు తెచ్చినప్పుడు మేము లెక్క నెక్కించక, కుర్చీ ఆమెకిచ్చితిమి. మౌస్ పట్టుటకు మొదట చేయి వణకెను. తన పేరును తానే వెదకి, గడిలో 500 అని కొట్టి, ‘భద్రపరచుము’ అను మాటను కూడబలుకుకొని నొక్కినది. తన పేరెదుట మొత్తము 500 అని కనబడగా, క్రిందనున్న ఎర్రమీటవైపు చూచి, “గా దాని జోలికి పోవద్దు, గంతేనా అమ్మా?” అని నవ్వినది. మేమును నవ్వితిమి. మా రెండు నెలల చదువునకు అదియే పరీక్ష; ఆమెయే పరీక్షాధికారిణి.

నేర్వదలచినవారికి

ఈ విద్యకు కావలసినవి పాత కంప్యూటరొకటి, దినమునకొక గంట, తప్పు చేయుటకు సిగ్గుపడని మనస్సు. మొదటనే పెద్ద పని తలపెట్టవలదు. పాలలెక్క చాలును: ఒక గడి, ఒక మీట, ఒక మొత్తము. కిటికీ కట్టకమునుపే కాగితముమీద బొమ్మ గీసికొనుడు. ముగ్గునకు చుక్కలు పెట్టనిదే గీత గీయము గదా. ఒక్కొక్క పంక్తి చేర్చి నడపి చూచుకొనుచు పొండు. పది పంక్తులు చేర్చి చూచినచో తప్పెక్కడిదో తెలియదు. ఎర్రని తప్పుమాటలు తెరమీద వచ్చినప్పుడు భయపడవలదు. వాని చివరిపంక్తిని మెల్లగ చదివినచో తరుచుగ తప్పు పేరు అందే యుండును. డబ్బుతో కూడిన లెక్కయైనచో రెండు మూడు నెలలు పుస్తకముతో సరిచూచుకొననిదే కిటికీని నమ్మవలదు.

కట్టిన పిమ్మట మీకంటె తక్కువ చదివినవారిని కూర్చుండబెట్టి, మీరు నోరు మెదపక చూడుడు. వారు తడబడిన చోటనెల్ల తప్పు వారిది గాదు, మీ యమర్పుది. మనకు తెలిసిన వంటయింట మన చేయి తడబడదు. క్రొత్తవారికి సైతము ఉప్పుడబ్బా చేతికందునట్లు పెట్టినదే మంచి వంటయిల్లు. ఆ పాఠమును మేము పుస్తకములో చదువలేదు. ఏడు చేవ్రాళ్లలో చదివితిమి.